ఇసుక దిబ్బ చూస్తే ఎడారి చూసినట్టేనా?

మొరాకోలో కారూ డ్రైవరూ మాట్లాడుకుని చేసే యాత్రల్లో మూడు రోజుల ఎడారి యాత్రకు గిరాకీ ఎక్కువ. మొదటి రోజు మరాకెష్‌లో బయల్దేరి అట్లాస్ కొండలు దాటి దాదెస్ లోయలో బస చేస్తారు. రెండో రోజు సాయంత్రానికి మెర్జుగా చేరి, ఒంటె ఎక్కి, ఇసుక దిబ్బల మధ్య గుడారంలో పడుకుంటారు. మూడో రోజు ఫెజ్‌కు వెళ్తారు, లేదా వచ్చిన దారినే మరాకెష్‌కు తిరిగొస్తారు. మరాకెష్ నుంచి మెర్జుగాకు ఒక్క వైపే 550 కిలోమీటర్ల పైచిలుకు. ఈ ఏర్పాటుకు ఆధారం బాగా పాతుకుపోయిన ఒక అభిప్రాయం: చరిత్ర నగరాల్లో ఉంది, ప్రకృతి ఎడారిలో ఉంది, నడుమ దూరం తప్ప ఏమీ లేదు, దాన్ని ఎంత త్వరగా దాటితే అంత మేలు. ఇందులో ఏ ముక్కా నిలబడదు.

నగరాల సంగతే ముందు చూడాలి. మరాకెష్‌ను 11వ శతాబ్దంలో కట్టించిన అల్మొరావిద్‌లు సహారాలో ఒంటెల మీద బతికిన సన్‌హాజా తెగల వారు. మరాకెష్‌కు పునాది వేయక ముందే వారు ఎడారి అంచున ఉన్న సిజిల్మాసాను వశం చేసుకున్నారు. 757లో వెలసిన ఆ ఊరు శతాబ్దాల పాటు సహారా వర్తకానికి ఉత్తరపు వాకిలి. ఉప్పు దక్షిణానికి పోయేది, బంగారం అక్కడికి వచ్చేది. ఢిల్లీలో తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా, 1352లో మాలీ రాజ్యానికి బయల్దేరింది సిజిల్మాసా నుంచే. తర్వాత ఏలిన సాదీలు ద్రా లోయ వారు. వారిలో అహ్మద్ అల్ మన్సూర్ సైన్యాన్ని సహారా దాటించి 1591లో సొంఘాయ్ రాజ్యాన్ని ఓడించాడు. మెక్నెస్‌ను రాజధానిగా చేసుకున్న మౌలే ఇస్మాయిల్ అలావీ వంశస్థుడు. నేటికీ రాజ్యమేలుతున్న ఆ వంశం పుట్టిల్లు తాఫిలాల్త్ ఒయాసిస్సు. మూలపురుషుడి సమాధి రిస్సానిలో ఉంది. నగరాలకు రాజుల్ని, సొమ్మును ఇచ్చింది ఎడారే అయినప్పుడు, నగరంలో చరిత్రనూ ఎడారిలో చంద్రోదయాన్నీ పంచిపెట్టడం ఎలా కుదురుతుంది?

సిజిల్మాసా శిథిలాలు రిస్సాని శివారులోనే ఉన్నాయి. మెర్జుగా వెళ్లే కార్లు ఆ పక్కగానే పోతాయి, ఆగేవి తక్కువ. అక్కడ ఫోటోకు లొంగేదేమీ లేదన్నది నిజమే. కరిగిపోతున్న మట్టిగోడలు తప్ప కంటికి ఆనేవి లేవు. కానీ మరాకెష్‌లో రాజభవనాలు చూడడానికి టిక్కెట్టు కొన్నవారికి, ఆ భవనాల సొమ్ము నడిచివచ్చిన దారిలో ఒక గంట నిలబడడం భారం కాకూడదు.

ఎడారి అంటే ఇసుక అనేది రెండో భ్రమ. సహారాలో ఇసుక పరిచిన భాగం నాలుగో వంతుకు మించదు. తక్కినదంతా రాతి పీఠభూములు, గులకరాళ్ల మైదానాలు, కొండలు. మెర్జుగాలోని ఎర్గ్ షెబ్బీ దిబ్బలు 150 మీటర్ల దాకా లేచి తెల్లవారుజామున అద్భుతంగా ఉంటాయి, దాన్ని కాదనే పని లేదు. అయితే నల్లటి రాతి నేల మధ్య అదొక చిన్న ఇసుక దీవి. ఆ చుట్టుపక్కల జనం బతికింది ఇసుక మీద కాదు, అట్లాస్ మంచు కరిగి జిజ్ నదిలోకి దిగే నీటి మీద, నేల లోపలి నీటి మీద.

తినెజ్దాద్ నుంచి ఎర్ఫూద్ వెళ్లే దారిలో జోర్ఫ్ దగ్గర, రోడ్డు పక్కన చీమల పుట్టల్లాంటి మట్టి కుప్పలు బారులు తీరి కనిపిస్తాయి. అవి ఖెత్తారాల నోళ్లు. ఎగువన భూగర్భ జలం తగిలే చోట తల్లి బావి తవ్వి, అక్కడి నుంచి పొలాల దాకా నేల కింద సొరంగం తీస్తారు. సొరంగం వాలు నేల వాలు కంటే తక్కువగా ఉంటుంది కాబట్టి, నీరు దానంతటదే పారి దిగువన నేల పైకి వస్తుంది. తోడే పని లేదు, ఎండకు ఆవిరయ్యేదీ తక్కువే. నడుమనడుమ దించిన గోతులు తవ్వకానికీ పూడిక తీతకూ పనికొస్తాయి. ఆ తీసిన మట్టే ఈ కుప్పలు. కాలువలో పాలున్న కుటుంబాలు గంటల లెక్కన వంతులు వేసుకుని నీరు పెట్టుకునేవారు. తెలుగువారికి ఇది మరీ కొత్త కాదు: బీదర్ పక్కన నౌబాద్‌లో బహమనీల కాలపు కరేజ్ ఇదే పద్ధతిలో తవ్వింది. 1971లో జిజ్ నది మీద హసన్ అద్దాఖిల్ ఆనకట్ట వచ్చింది, ఆపైన మోటారు పంపులు వచ్చాయి, నీటిమట్టం దిగజారింది. చాలా ఖెత్తారాలు ఎండిపోయాయి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారులోంచి కనిపించేది మాత్రం ‘ఖాళీ నేల’.

ఎడారి కాలం ఆగిపోయిన చోటు అనే మాట కూడా అంతే బోలు. తాఫిలాల్త్ ఖర్జూర తోటల్ని ఇరవయ్యో శతాబ్దంలో బయూద్ అనే బూజు తెగులు చాలావరకు తుడిచిపెట్టింది. 1927లో బూదెనీబ్ నుంచి అమెరికాకు తీసుకెళ్లిన 11 పిలకల వల్లనే అక్కడ మెజూల్ తోటలు లేచాయి. రంజాన్ నెలలో హైదరాబాద్ బజార్లలో పెట్టెల్లో అమ్మే మెజూల్ రకానికి పుట్టిల్లు ఈ ‘ఖాళీ’ ప్రాంతమే. ద్రా లోయలోని జాగోరాలో 2017లో తాగునీటి కోసం జనం వీధికెక్కారు. నీటిని తాగేస్తున్న పుచ్చకాయ సాగుకు తర్వాత అధికారులు కోత పెట్టారు. 2024 సెప్టెంబరు వానలకు, దాదాపు 50 ఏళ్లుగా ఎండి ఉన్న ఇరికి సరస్సులో నీళ్లు నిలిచాయి. వర్జాజాత్ పక్కనే ఎడారి ఎండతో కరెంటు తీసే నూర్ కేంద్రం ఉంది. అతి ప్రాచీనమని చూపించే మట్టికోట ఊరు ఐత్ బెన్ హద్దులో నిలిచి ఉన్న కట్టడాలు 17వ శతాబ్దానికి ముందువి కావని యునెస్కో చెబుతోంది. ఊరి జనంలో చాలామంది ఎప్పుడో ఏరు దాటి ఇవతలి గట్టున ఇళ్లు కట్టుకున్నారు.

కొండల మాటా చెప్పుకోవాలి. 2,260 మీటర్ల ఎత్తున్న టిచ్కా కనుమ రోడ్డు ఫ్రెంచివారి హయాంలో వేసింది. అంతకుముందు బిడారులు తెలూయెత్ అనే ఊరి మీదుగా పోయేవి. ఆ దారిపై పట్టు, దగ్గర్లోని ఉప్పు గనులు గ్లావీ కుటుంబాన్ని కొండ దొరల్ని చేశాయి. ఫ్రెంచివారి పక్షాన నిలిచిన తామీ అల్ గ్లావీ 1956లో చనిపోయాక, తెలూయెత్‌లోని వారి కోట దిక్కులేక కూలడం మొదలైంది. తెలూయెత్ నుంచి ఊనిలా లోయ వెంట ఐత్ బెన్ హద్దుకు దిగే పాత దారిలో ఇప్పుడు కారు పోతుంది. ప్రైవేటు బండి మాట్లాడుకున్నవారు కూడా బస్సులు పోయే పెద్ద రోడ్డునే పట్టుకుపోవడం వింత.

సెలవులు తక్కువ కదా అన్నదొక్కటే తీసిపారేయలేని అభ్యంతరం. దానికి జవాబు వేగం పెంచడం కాదు, దూరం తగ్గించడం. అయిదారు రోజులు ఉంటే తెలూయెత్‌కు ఒక పూట, రిస్సానికి సంత జరిగే మంగళ, గురు, ఆదివారాల్లో ఒక పూట కేటాయించవచ్చు. మూడే ఉంటే మెర్జుగాను వదిలేయాలి. మరాకెష్ నుంచి జాగోరా సుమారు 360 కిలోమీటర్లు. అగ్దజ్ దాటాక దారి పొడవునా ద్రా లోయ ఖర్జూర తోటలూ మట్టి కోటలూ తోడుంటాయి. జాగోరాకు 20 కిలోమీటర్ల దూరంలోని తమెగ్రూత్‌లో నాసిరీ సూఫీల మఠం, పాత రాతప్రతుల గ్రంథాలయం, ఆకుపచ్చ పూత కుండలు చేసే కుమ్మరుల బట్టీలు ఉన్నాయి. ఇసుక కావలసినవారికి మ్‌హమీద్ అక్కడి నుంచి గంటన్నర ప్రయాణం.