చంటిబిడ్డ ముందు టీవీ బంద్ పెడదాం

పాపన్నపేట మండలంలోని అవ్వలకు, తాతలకు, అత్తమ్మలకు, ఆడబిడ్డలకు, తల్లిదండ్రులకు విన్నపం

మన ఊళ్లల్లో చంటిపిల్లకు బువ్వ పెట్టాలంటే ముందు టీవీ పెట్టాలి. బొమ్మల చానల్ రాగానే ఏడాదిన్నర పిల్లవాడు తెర మీద కళ్లు పెట్టి నోరు తెరుస్తాడు. పప్పన్నం ముద్ద లోపలికి పోతుంది. నమలడు. బుగ్గన పెట్టుకొని అట్లనే చూస్తుంటాడు. పాట అయిపోయాక గుర్తొచ్చి మింగుతాడు, మళ్లీ నోరు తెరుస్తాడు. గిన్నె ఖాళీ అయింది కాబట్టి కడుపు నిండిందని మనకు తృప్తి. నిండిందో లేదో ఆ పిల్లవాడికి తెలియదు. వాడి మొహం చూడకుండా ముద్దలు పెట్టే మనకూ తెలియదు.

కొన్ని ఇండ్లల్లో తల్లి దీన్ని వద్దంటున్నది. గొడవ అక్కడే మొదలవుతున్నది. "మేం పిల్లల్ని పెంచలేదా?" అని అత్తమ్మ. "ఈమెకే పుట్టిండా కొడుకు?" అని తోడికోడలు. బతుకమ్మకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ పిల్లలు పొద్దస్తమానం టీవీ ముందే ఉంటే, తన బిడ్డను మాత్రం ఆపాల్సిన కోడలు అందరి కళ్లల్లో చెడ్డదవుతుంది. పిల్ల ఒర్రుతుంది. "పాపం, పెట్టరాదే" అని ఎవరో ఒకరు రిమోట్ అందుకుంటారు. ప్రేమతోనే అందుకుంటారు, కాదనం. కానీ అమ్మ వద్దన్నది ఏడిస్తే దొరుకుతుందని ఆ పిల్ల ఆ రోజే నేర్చుకుంటుంది.

మేం అడిగేది చిన్నదే. రెండేళ్లు నిండని బిడ్డ మేలుకొని ఉన్న గదిలో టీవీ నడవొద్దు. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు గంట దాటొద్దు, అదీ పెద్దవాళ్లు పక్కన కూర్చుంటేనే. బువ్వ దగ్గర ఏ తెరా వద్దు. ఇంతకంటే గట్టిగా ఉంటామని కన్నవాళ్లు అంటే, ఎవరింట్లో ఉన్నా వాళ్ల మాటే చెల్లాలి.

ఇది పట్నపోళ్ల ఫ్యాషన్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో చెప్పింది: ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దు, రెండేళ్లు నిండేదాకా వద్దు, ఆ తర్వాత నాలుగేళ్ల వరకు గంటకు మించొద్దు, తగ్గితే ఇంకా మేలు. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా రెండేళ్ల లోపు తెర వద్దనే అంటున్నది. వీడియో కాల్ ఒక్కదాన్ని మినహాయించింది. దుబాయిలో ఉన్న నాయన ఫోన్లో బిడ్డతో మాట్లాడితే తప్పు లేదు. బిడ్డ నవ్వితే ఆయన నవ్వుతాడు, పిలిస్తే పలుకుతాడు. టీవీలోని బొమ్మ పలకదు.

అసలు తేడా అక్కడుంది. 2003లో అమెరికా శాస్త్రవేత్తలు తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చొని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాషలోని ధ్వనుల తేడాను పిల్లలు పట్టుకున్నారు. అదే మనిషిని, అవే మాటల్ని టీవీలో చూపిస్తే ఏమీ నేర్వలేదు. ఆ వయసులో నోటిమాట మనిషి నుంచే వస్తుంది.

"వాడు చూస్తలేడు, మేం సీరియల్ చూసుకుంటున్నం" అనే ఇండ్లు మన దగ్గర ఎక్కువ. పక్కనే చాప మీద పిల్లవాడు సీసా మూతలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటాడు. సీరియల్లో ధన్‌మని చప్పుడు కాగానే తల ఎత్తుతాడు. చూపు మళ్లీ కిందికి వచ్చేసరికి ఏం చేస్తున్నాడో మర్చిపోతాడు, మూతలు వదిలేసి లేచిపోతాడు. కాసేపు నిలబడి చూస్తే మీకే కనబడుతుంది. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లల మీద 2008లో అచ్చయిన ఒక పరిశోధన ఇదే చెప్పింది: పెద్దవాళ్ల టీవీ ఊరికే నడుస్తున్నా పిల్లల ఆట తెగిపోతుంది. మరుసటి ఏడు ఇంకొకటి వచ్చింది. పిల్లలు వేసుకున్న చొక్కాలో చిన్న రికార్డర్ పెట్టి ఇంట్లో మాటలు లెక్కపెట్టారు. టీవీ వినబడే ప్రతి గంటకు, పెద్దవాళ్ల నోటి నుంచి పిల్ల చెవిన పడే మాటలు సుమారు 770 తగ్గాయి. నష్టం టీవీ చూపించేదానితో అయిపోదు. ఆ గంటలో మనం మాట్లాడటం మానేస్తున్నాం.

"మా పిల్లలు టీవీ చూసే పెరిగిండ్రు, ఏమైంది?" అని పెద్దవాళ్లు అడుగుతారు. అడగవలసిన మాటే. ఆ రోజుల్లో టీవీకి ఒక వేళ ఉండేది. 1987లో రామాయణం ఆదివారం పొద్దున వచ్చేది, వాడకట్టంతా ఒక్క ఇంట్లో కూర్చొని చూసేది, అయిపోయాక అందరూ లేచిపోయేవాళ్లు. అంతకుముందు 1975-76లో ఇస్రో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. పొద్దుటి కార్యక్రమం ఐదు నుంచి పన్నెండేళ్ల బడి పిల్లలది. చంటిపిల్లలకని అప్పుడెవరూ అనుకోలేదు. ఇప్పుడు బొమ్మల చానళ్లు రాత్రింబవళ్లు నడుస్తాయి. మన హైదరాబాద్‌లోనే పుట్టిన ఛోటా భీమ్‌ను ఎనిమిదేళ్ల పిల్లవాడు చూసి నవ్వి ఆడుకోవడానికి పోతాడు. ఎనిమిది నెలల పిల్లకు అది కదిలే రంగులు, చప్పుడు. మూడేళ్ల లోపు పిల్లల కోసమని కార్యక్రమాలు వేయొద్దని ఫ్రాన్స్ తన చానళ్లను 2008లోనే కట్టడి చేసింది.

ఇంకో మాట ఇంకా గట్టిగా చెప్పాలి. టీవీ పెట్టే తల్లిని ఎవరూ నిందించొద్దు. ఘనపురం ఆనకట్ట కింద నాట్లు పడే రోజుల్లో పొద్దున్నుంచి వంగి నాటేసి, ఇంటికొచ్చి పొయ్యి ముట్టించే ఆడమనిషికి ఆ అరగంట బిడ్డను ఎవరు పట్టుకోవాలి? ఎవరూ పట్టుకోకపోతే టీవీ పట్టుకుంటున్నది. ఆమెకు నీతులు చెప్పే వదిన ముందు బిడ్డను ఎత్తుకోవాలి. మగవాళ్లకూ ఇదే మాట: కూలి నుంచి ఇద్దరూ కలిసే వస్తారు, ఒక్కరే వంట చేస్తారు. ఆ వేళ నాయన చేతుల్లో ఫోన్ కాదు, పిల్ల ఉండాలి. పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. చిక్కుడుకాయల ఈనెలు తీసే అవ్వ పక్కన రెండు స్టీలు గిన్నెలు, ఒక గరిటె పడేస్తే పిల్ల ఆడుకుంటుంది. అవ్వ మాట్లాడుతూనే ఉంటుంది. కొంచెం పెద్ద పిల్లలకు తాత దగ్గర కథలకు కొదువా? మంజీర ఏడు పాయలయ్యే చోట దుర్గమ్మ ఎట్లా కొలువైందో, పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మ ఎవరో ఆయన నోటనే వినాలి. మధ్యలో "ఎందుకు?" అని అడిగితే తాత ఆగి చెప్తాడు.

కట్టుదిట్టంగా పెంచే తల్లిదండ్రులకు కూడా చెప్పాలి. అక్క ఇంటికి పోయి ఆమె పిల్లల ముందు ఆమె పెంపకాన్ని తప్పుపట్టొద్దు. మీ బిడ్డ సంగతి ముందే ఫోన్ చేసి చెప్పండి, మర్యాదగా అడగండి. ఇంటివాళ్లు కూడా చిన్నపిల్ల పడుకున్నాక పెద్దపిల్లలకు టీవీ పెట్టవచ్చు. "మీ అమ్మ చూడనియ్యదు పాపం" అనే మాట మాత్రం పిల్ల చెవిన వేయొద్దు. శివరాత్రికి ఏడుపాయల జాతరకు చుట్టాలందరూ దిగుతారు. ఇల్లు నిండా పిల్లలుంటారు. ఆ మూడు రోజులు టీవీ లేకుండా గడపడం అన్నిటికన్నా సులువు, ఎందుకంటే పిల్లలకు పిల్లలే తోడు.

ఒక్క ఇల్లు మారితే పక్కింటి టీవీ వినబడుతూనే ఉంటుంది. అందుకే ఊరంతా కలిసి చేయాలంటున్నాం. మహారాష్ట్రలోని సాంగ్లి జిల్లా మోహిత్యాంచె వడ్‌గావ్‌లో 2022 ఆగస్టు నుంచి రోజూ సాయంత్రం ఏడు గంటలకు గుడి మీద సైరన్ మోగుతుంది. ఊరంతా గంటన్నర సేపు టీవీలు, ఫోన్లు బంద్ పెడుతుంది. పంచాయతీ నిర్ణయించింది, జనం ఒప్పుకున్నారు. అది కూడా మనలాంటి పల్లెటూరే. మనం ఒక్క గంటతో మొదలుపెడదాం, ఏడు నుంచి ఎనిమిది. ఆ గంటలో వచ్చే సీరియల్ పోతుందని బాధపడేవాళ్లున్నారు, మాకు తెలుసు. అయినా అడుగుతున్నాం.

అంగన్‌వాడీ టీచర్లకూ మనవి. నెలనెలా పెట్టే సమావేశానికి తల్లులనే కాదు, అత్తమ్మలను, నాయనమ్మలను, వీలైతే తండ్రులను పిలవండి. బిడ్డ బరువు చూసినట్టే, బువ్వ తినేటప్పుడు టీవీ నడుస్తుందా అని కూడా అడగండి. కోడలు చెబితే వినని మాట మీరు చెబితే వింటారు.

వచ్చే గ్రామసభలో ఏడు గంటల తీర్మానం పెట్టమని సర్పంచులను, వార్డు సభ్యులను అడుగుతున్నాం. ఇంటికి ఇద్దరు రండి, అందులో ఒకరు అవ్వనో తాతనో కావాలి. చేతులెత్తి ఆ తీర్మానాన్ని నెగ్గించండి.

ఇట్లు,
పాపన్నపేట మండలంలోని కొందరు తల్లిదండ్రులం