సేంద్రియ సరుకుల పోటీకి మన సొసైటీ దుకాణాన్ని బలి ఇవ్వొద్దు



మన సొసైటీ కిరాణా దుకాణం నడుస్తున్న గాళాను తొమ్మిదేళ్ల లీజుకు ఇమ్మని ఒక కంపెనీ అడిగిన సంగతి మీలో చాలామందికి ఇప్పటికే తెలుసు. రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా పండించిన ధాన్యం, పప్పులు, గానుగ నూనె అమ్మే దుకాణం పెడతారట. వాళ్లు ఇస్తామంటున్న నెల అద్దె మన దుకాణం ఏడాదంతా కష్టపడి మిగిల్చేదానికంటే ఎక్కువ. ఇంటికొచ్చిన లక్ష్మిని కాదనడం మూర్ఖత్వమని కమిటీలో ముగ్గురు పట్టుబట్టారు. చివరకు సర్వసభ్య సమావేశంలోనే ఓటు పెట్టాలని తీర్మానించాం. నేను లీజుకు వ్యతిరేకిని. అది దాచుకుని ఇరుపక్షాలకూ సమంగా తూచినట్టు రాయడం నాకు చేతకాదు. కాబట్టి నా వాదన చెబుతాను, తప్పుంటే సమావేశంలో లేచి నిలబడి చెప్పండి.

లీజు కావాలనేవాళ్ల మొదటి మాట: పోటీ పెరిగితే ధరలు దిగుతాయి, మన పిల్లలు కూడా మందు లేని తిండి తింటారు. వినడానికి ఇంపైన మాటే. కానీ ఈ పోటీ చేస్తున్నది ఎవరు? టాటా కన్‌స్యూమర్ కంపెనీ 2024లో ఆర్గానిక్ ఇండియాను సుమారు 1,900 కోట్ల రూపాయలకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. మన హైదరాబాదులో పుట్టిన 24 మంత్ర ఆర్గానిక్ సరుకుల కంపెనీని 472.5 కోట్లకు కొంటున్నట్టు ఐటీసీ 2025లో ప్రకటించింది. సిగరెట్లు అమ్మి బలిసిన కంపెనీ ఇప్పుడు మనకు ఆరోగ్యం అమ్ముతుంది! గోద్రెజ్ వాళ్లు బొంబాయిలో షోకుగా పెట్టిన నేచర్స్ బాస్కెట్ దుకాణాలను 2019లోనే సుమారు 300 కోట్లకు గోయెంకాల స్పెన్సర్స్‌కు అమ్మేశారు. దీన్ని పోటీ అంటారో, పెద్ద చేప చిన్న చేపను మింగడం అంటారో మీరే చెప్పండి.

అమెరికాలో ఈ కథ మనకంటే ముందే నడిచింది. అక్కడ సేంద్రియ సరుకులకు పేరుపడ్డ హోల్ ఫుడ్స్ దుకాణాలను అమెజాన్ 2017లో 13.7 బిలియన్ డాలర్లకు కొన్నది. చేతిలోకి వచ్చిన మొదటి రోజే కొన్ని సరుకుల ధరలు తగ్గించింది. ఉన్నమాట ఒప్పుకోవాలి, తగ్గించింది. మరి ఆ దుకాణాల్లో పనిచేసేవాళ్ల సంగతేమిటి? 2025 జనవరిలో ఫిలడెల్ఫియా నగరంలోని ఒక హోల్ ఫుడ్స్ దుకాణం కార్మికులు 130-100 ఓట్లతో యూనియన్‌ను ఎన్నుకున్నారు. కంపెనీ ఆ ఫలితాన్ని ఒప్పుకోకుండా సవాలు చేసింది. ఆకుకూరకు మందు తగలకూడదట, దుకాణానికి యూనియన్ తగలకూడదట. అమెరికా ప్రభుత్వ ఆర్గానిక్ నిబంధనల పుస్తకంలో మట్టి గురించి, విత్తనం గురించి, పేడ గురించి పేజీల కొద్దీ ఉంది. పొలంలో నడుం వంచినవాడి కూలీ గురించి మాత్రం లేదు.

ఇంతకీ నేను మందు లేని సాగుకు వ్యతిరేకినని ఎవరూ పొరబడొద్దు. ఆ సాగును ఎగతాళి చేసే హక్కు అందరికంటే తక్కువ మనకే ఉంది. మన తాతముత్తాతలు షోలాపూరు వచ్చింది పాలమూరు, నల్లగొండ, వరంగల్లు, కరీంనగరం పల్లెల నుంచి. అదే వరంగల్లులో 1997-98లో పత్తి పంట పురుగు పాలై, మందుల అప్పు తీర్చలేక రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. ఏ మందు పురుగును చంపలేదో ఆ మందే తాగారు. మన రాష్ట్రంలోనే యవత్మాళ్ జిల్లాలో 2017లో పత్తి చేలల్లో మందు కొడుతూ ఇరవైమందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఆ పత్తే నూలై మన మగ్గం మీదికి వస్తుంది. టవలు నేసేవాడికి, ఆ చేలో మందు కొట్టి కుప్పకూలినవాడికి మధ్య ఉన్న దూరం ఒక్క జిన్నింగు, ఒక్క స్పిన్నింగు మాత్రమే.

కాబట్టి మందు లేని సాగు అంటే ముందుగా కూలీ ఊపిరి, తర్వాతే తినేవాడి కడుపు. కంపెనీ ప్రకటనల్లో మాత్రం ఎప్పుడూ తినేవాడే కనిపిస్తాడు, వాడూ తెల్లగా మెరిసే వంటింట్లో. 2006లో పాత వరంగల్ జిల్లా ఏనబావి గ్రామంలో ఊరు ఊరంతా కలిసి ఎరువులు, మందులు మానేసింది. ఏ పెద్ద దుకాణమూ పోటీ పడినందువల్ల వాళ్లు మానలేదు. అప్పుల దెబ్బ తిని, నలుగురూ కూర్చుని మాట్లాడుకుని మానేశారు.

ఇక ధర. మొన్న మా పెద్దమ్మాయి నన్ను హోట్గీ రోడ్డు వైపు ఒక పెద్ద దుకాణానికి తీసుకెళ్లింది. చల్లగా ఉంది, పాటలు పెట్టారు, నేల మీద మన ముఖం కనబడుతుంది. గాజు అరలో జొన్నపిండి పొట్లం. ఎక్కడివయ్యా జొన్నలు అని అడిగితే, యూనిఫాం వేసుకున్న కుర్రాడు పొట్లం తిప్పి చదివి "మంగళవేఢా, అంకుల్" అన్నాడు. ధర చూస్తే మన సొసైటీలో విడిగా అమ్మే జొన్నలకు రెండింతలకు పైనే ఉంది. నాకు నవ్వు ఆగలేదు. మంగళవేఢా మన ఊరికి బస్సులో గంటన్నర దూరం! అక్కడి మాళదండి జొన్నకు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన జిల్లాలోని మోహోళ్ పరిశోధనా కేంద్రంలో 1930లలో ఎంపిక చేసిన రకం అది. నల్లరేగడిలో వానాకాలం తేమ నిలిచి ఉంటే రబీలో ఆ తేమ మీదే పండుతుంది. నీళ్లు అక్కర్లేదు, చాలామంది రైతులు మందు డబ్బా ముట్టరు, ఎరువూ అంతంతమాత్రమే. మా అమ్మ ఆ జొన్నలను ఎడ్లబండి దగ్గర కొని, చాటతో చెరిగి, రొట్టె తట్టి, శేంగా చట్నీతో పెట్టి నన్ను పాలీకి పంపేది. అప్పుడు దాన్ని పేదవాడి తిండి అన్నారు. గోధుమ చపాతీ తినేవాడు మన రొట్టె చూసి మూతి ముడిచేవాడు. ఇప్పుడదే జొన్నను కంపెనీవాడు ముద్ర వేసి, కిటికీ ఉన్న కవరులో పోసి, ఆ చపాతీవాడికే రెండింతలకు అమ్ముతున్నాడు. రైతుకు రెండింతలు ముట్టాయా అని ఆ కుర్రాడిని అడగలేదు. వాడూ మన పిల్లాడే, బయట బస్తాలు దించుతున్నవాడు మన పేటవాడే. వాడి జీతం ఎంతో చెప్పడానికి చుట్టూ చూశాడు.

ముద్ర ఉంటే నమ్మకం కదా అంటారు. ఉండాల్సిందే. 2017లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం సేంద్రియమని అమ్మే సరుకుకు సర్టిఫికెట్ కావాలి, ‘జైవిక్ భారత్’ గుర్తు ఉండాలి. తనిఖీ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఒక దారి, కనీసం ఐదుగురు రైతులు జట్టుకట్టి ఒకరి పొలం మరొకరు పరిశీలించుకునే పద్ధతి ఇంకో దారి. అయితే ముద్రలో ఎంత మోసం నడుస్తుందో గుడ్డ పనివాళ్లమైన మనకు ఒకడు చెప్పక్కర్లేదు. 2020లో మన దేశపు ‘ఆర్గానిక్’ పత్తి లెక్కల్లో 20,000 టన్నుల దొంగ సరుకు ఉందని సర్టిఫికెట్లిచ్చే అంతర్జాతీయ వ్యవస్థ జీఓటీఎస్సే బయటపెట్టింది. 2021లో అమెరికా ప్రభుత్వం మన దేశపు సేంద్రియ తనిఖీ విధానానికి ఇచ్చిన గుర్తింపును వెనక్కి తీసుకుంది. ముద్ర చూసి డబ్బు పోసేవాడికీ, పొలం గట్టు మీద నిలబడి చూసొచ్చినవాడికీ తేడా ఉంది. ఆ 2017 నిబంధనల్లోనే ఇంకో మాట కూడా ఉంది, కంపెనీవాళ్లు దాని ఊసెత్తరు. చిన్న రైతు నేరుగా తినేవాడికి అమ్మితే ఆ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. అంటే మనలాంటివాళ్లకు తలుపు తెరిచే ఉంది.

ఆ తలుపు తీసింది కూడా ఒకప్పుడు మనలాంటి గుడ్డ నేసేవాళ్లే. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే మిల్లుల ఊళ్లో 1844 డిసెంబర్ 21న 28 మంది కార్మికులు తలా ఒక పౌను కూడబెట్టి టోడ్ లేన్ అనే వీధిలో చిన్న కిరాణా దుకాణం తెరిచారు. వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు, సరుకంటే అంతే. ఆ రోజుల్లో అక్కడి షావుకార్లు పిండిలో సుద్ద, పటిక కలిపి అమ్మేవారు. కల్తీ లేని సరుకు, సరైన తూకం అని వీళ్లు పట్టుబట్టారు. ప్రపంచంలోని సహకార సంఘాలన్నీ వాళ్లనే తమ పెద్దలుగా చెప్పుకుంటాయి. వాళ్లు ఉద్దెర మాత్రం ఇవ్వలేదు, రొక్కానికే అమ్మారు. ఆ విషయంలో మనం వాళ్లకంటే మెత్తనివాళ్లం, అందుకే మన ఖాతా పుస్తకం అంత లావు. బొంబాయి నాయ్‌గావ్‌లో 1948లో కార్మికుల సహకార సంఘం పెట్టిన చిన్న దుకాణమే తర్వాత అప్నా బజార్ అయింది. శుభ్రమైన తిండి కోసం మొదట దుకాణం తెరిచింది కార్మికులు. ఇప్పుడు ఆ పేరు చెప్పుకుని కార్మికుడి దుకాణాన్నే ఖాళీ చేయమంటున్నారు.

లీజు కావాలనేవాళ్ల రెండో మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. "మన దుకాణం ఎలా నడుస్తోందో చూశావా అన్నా?" అంటారు. చూశాను. కందిపప్పులో పురుగులు వచ్చాయి. సాయంత్రం పాలీ విడిచే వేళకు దుకాణం మూసి ఉంటుంది. తూకం కాటా ఆరు నెలలు బాగు చేయించలేదు. లెక్కల తనిఖీ రెండేళ్లు ఆలస్యమైంది. అందులో కార్యదర్శిగా నా తప్పే ఎక్కువ, ఎవరి మీదికీ నెట్టను. మన సభ్యుల్లో సగం మంది ఆదివారం పెద్ద దుకాణంలో కొని, చేతిలో డబ్బు లేని గురువారం నాడు మాత్రమే సొసైటీ గుర్తుకొచ్చి ఉద్దెరకు వస్తారు. ఇదీ నిజమే.

కానీ ఆ గురువారం సంగతే చెబుతాను వినండి. నేను 1988లో మిల్లులో బదిలీ కార్మికుడిగా చేరాను. తొంభైలలో ఒక రోజు పొద్దున పాలీకి వెళితే గేటుకు తాళం. నోటీసు లేదు, బకాయి జీతం లేదు, గ్రాట్యుటీ కోసం కోర్టు మెట్లు ఎన్నేళ్లు ఎక్కామో లెక్కలేదు. ఆ అయిదు నెలలు మా ఇంట్లో పొయ్యి వెలిగింది సొసైటీ ఖాతా మీద. జొన్నలు, నూనె, బెల్లం. అప్పటి గుమాస్తా మా అమ్మను ఒక్కసారి కూడా "ఎప్పుడిస్తావమ్మా" అని అడగలేదు. ఆమె బీడీలు చుట్టి మూడేళ్లలో తీర్చింది. ఇప్పుడు పవర్‌లూమ్‌లో నూలు ధర పెరిగితే యజమాని వారంలో మూడు రోజులు మగ్గాలు ఆపుతాడు. ఆపిన రోజుకు పగారు ఉండదు. ఆ వారం సేంద్రియ దుకాణంవాడు మీ పేరున ఖాతా తెరుస్తాడా? ఫోన్‌లో డబ్బు కొట్టనిదే సంచీ కూడా ఇవ్వడు.

అద్దె డబ్బుతో సభ్యులకు లాభం పంచుదాం అంటున్నారు. ఎంత వస్తుందో నేనూ లెక్క వేశాను. సభ్యుల సంఖ్యతో భాగిస్తే నెలకు ఒక కుటుంబానికి రెండు లీటర్ల నూనె కూడా రాదు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ జాగా మన చేతికి తిరిగి వస్తుందా? మిల్లు భూములు ఎవరి చేతుల్లోకి పోయాయో చూసినవాళ్లం, ఈ ప్రశ్న అడక్కుండా సంతకం పెడతామా?

నేను చెప్పేది ఇది. పోయిన ఏడాది ఇరవై రెండు కుటుంబాలం కలిసి మంగళవేఢా వైపు రైతుల దగ్గరికి వెళ్లి, పొలం చూసి, మాట్లాడి, ఏడాదికి సరిపడా జొన్నలు నేరుగా తెచ్చుకున్నాం. రైతుకు మార్కెట్ యార్డు కంటే ఎక్కువ ముట్టింది, మనకు దుకాణం ధర కంటే తక్కువ పడింది. నాలుగు బస్తాలు గాళాలో చెమ్మకు పాడైన మాట కూడా చెప్పాలి. కింద చెక్కలు వేయకపోవడం మన తెలివితక్కువ. ఈసారి ఆ పని సొసైటీ పేరున, రెండు వందల కుటుంబాలతో చేద్దాం. బస్తా డబ్బు పతసంస్థ నుంచి ముందుగా ఇచ్చి, వారం వారం కొంచెం కొంచెంగా కోసుకోవచ్చు. జొన్న కుదిరితే కందిపప్పు, తర్వాత శేంగలు.

దీంతోపాటు రేషన్ సంగతి కూడా యూనియన్ ఎత్తుకోవాలి. ఒడిశాలో ప్రభుత్వం 2017 నుంచి చిరుధాన్యాల పథకం నడిపి, రాగులు కొని రేషన్‌లో, అంగన్‌వాడీలో ఇచ్చింది. మన జిల్లా రబీ జొన్న మన రేషన్ దుకాణానికి ఎందుకు రాదు? ఈ ప్రశ్న కలెక్టరు కచేరీ ముందు అడగాల్సింది మనమే. పెద్ద దుకాణాలు ఎన్ని పోటీ పడినా దీన్ని అడగవు, వాటికి ఆ అవసరం లేదు.

సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు యూనియన్ ఆఫీసులో. సభ్యత్వ పుస్తకం తెచ్చినవారికే ఓటు. లీజు ప్రతి మరాఠీలో ఉంది, తెలుగులో చదివి వినిపిస్తాం. రాత్రి పాలీవాళ్లు నిద్ర మానుకుని అయినా రండి. జొన్నలు కావలసినవారు ఎన్ని బస్తాలో గుమాస్తా దగ్గర పేరు రాయించండి. రబీ కోత ఫిబ్రవరిలో మొదలవుతుంది, రైతులకు అంతకుముందే మాట ఇవ్వాలి. కాటా బాగు చేయించాం, శుక్రవారం నుంచి దుకాణం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది.

— కార్యదర్శి