తల వెండ్రుకపై తీర్పు

బ్రెజిలు దేశమున లారీగాని, బస్సుగాని, ట్రెయిలరుగాని నడపి పొట్టపోసికొనువాడు లైసెన్సు కొఱకు నేడు తల వెండ్రుకలను కత్తిరించి యీయవలసియున్నది. 2015 మార్చి 2వ తేదీ నాటి 13,103వ చట్టము ఈ నియమమును విధించినది. 2016 నుండి లైసెన్సుల విషయమున అది అమలునకు వచ్చినది. డెబ్బది యేండ్లు నిండని అట్టి డ్రైవర్లు రెండున్నర సంవత్సరముల కొకమారు పరీక్షకు నిలువవలయునని 2020 నాటి మఱియొక చట్టము శాసించినది. వెండ్రుకలో కొకెయిను, ఆంఫెటమిను, నల్లమందు, గంజాయి మున్నగువాని జాడ తేలినచో మూడు నెలలు బండి తోలు హక్కు పోవును. అనగా మూడు నెలలు పొయ్యిలో పిల్లి లేవదు.

మత్తుతో బండి నడపువానిని మేము సమర్థింపము. బాటసారుల ప్రాణములు చౌక కావు. మా వివాదము వేఱు. ఈ తీర్పు చెప్పు త్రాసు ఎవరి చేతిలో నున్నది? ఆ త్రాసును తూచువా రెవరు?

పరీక్షను ప్రభుత్వము తానై చేయదు. తాను గుర్తించిన ప్రయోగశాలలకు ఆ పని నప్పగించినది. తొలినాటి నియమములలో ఆ గుర్తింపునకు కావలసిన యోగ్యతాపత్రము రెండు చోట్ల దొరకెడిది: అమెరికా పాథాలజిస్టుల కళాశాల యొద్ద, లేదా ఐ.ఎస్.ఓ. 17025 ప్రమాణము ననుసరించి స్వదేశపు ఇన్‌మెట్రో సంస్థ యొద్ద. విద్య యెచ్చటనుండి వచ్చినను గ్రహింపవలసినదే. కాని తన పౌరుని జీవనోపాధిని తేల్చు త్రాసుపై పరదేశపు సంఘము ముద్ర చాలునని యొప్పుకొను ప్రభుత్వము ఆ త్రాసును తానుగా పరీక్షింపకుండుట తగునా?

చట్టములో మఱియొక వింత కలదు. పరీక్షకు ధర నిర్ణయించుటగాని, ప్రయోగశాలల సంఖ్యను పరిమితము చేయుటగాని ప్రభుత్వములు చేయరాదని అందు స్పష్టముగ వ్రాసిరి. గుత్త వ్యాపారము తలయెత్తకుండుటకే యిట్లు చేసితిమని పెద్దలు చెప్పుదురు. సంఖ్య విషయమున ఆ మాట నిజమే కావచ్చును. కాని కొననని చెప్పి లేచిపోవుటకు వీలులేని అంగడి అంగడి యగునా? కొనుమని ఆజ్ఞాపించినది ప్రభుత్వము, ధర చెప్పునది వర్తకుడు, చెల్లించువాడు డ్రైవరు. వర్తకున కింత అభయ మిచ్చిన చట్టము డ్రైవరుకు రెండవమారు పరీక్షను కోరు హక్కును, అప్పీలు హక్కును ఇచ్చినది. ఇచ్చుట మంచిదే. కాని ఆ రెండవ పరీక్ష వేఱొక ప్రయోగశాలలో, డ్రైవరు చేతి సొమ్ము కాకుండ జరిగిననాడే అది హక్కు; లేనిచో కాగితము.

వెండ్రుక యేమి చెప్పును? అది నెలకు సుమారొక సెంటీమీటరు పెరుగును. కావున గడచిన తొంబది దినముల కథ అందు మిగులును. అది చెప్పునది గతము. బండి తోలు ఘడియలో అతడు మత్తులో నుండెనా యన్నది చెప్పదు. సారాయి సంగతి ఈ పరీక్షలో చేరనే లేదు. మఱియు కొన్ని మందులు నల్లని వెండ్రుకకు ఎక్కువగా అంటుకొనునను వివాదము శాస్త్రజ్ఞులలో చిరకాలముగ నున్నది. అమెరికాలోని బోస్టనులో నల్లజాతి పోలీసులు ఇట్టి పరీక్షపైననే న్యాయస్థానమున కెక్కిరి. ఆ పరీక్ష నల్లవారిపై హెచ్చుగా పడినదని లెక్కలు చూపుచున్నట్లు 2014లో అప్పీలు న్యాయస్థానము పలికినది. 2022 జనగణనలో సగమునకు మించినవారు నల్లవారమనియో మిశ్రవర్ణులమనియో చెప్పుకొన్న బ్రెజిలులో ఇది చిన్న ప్రశ్నయా?

అసలు డ్రైవరు మందేల మ్రింగును? విలాసమునకు కాదు, కన్ను మూతపడకుండుటకు. 2012 నాటి చట్టము నాలుగు గంటల తోలకమునకు అరగంట విశ్రాంతి యిచ్చినది. వెండ్రుకను కోరిన 2015 చట్టమే సరకు బండ్లకు ఆ నాలుగు గంటలను ఆఱు గంటలు చేసినది. సరకు దింపుటకై కాచియుండు కాలము పనిగంటలలో చేరదన్నది. ఒకే చట్టము ఒక చేత నిద్రను లాగికొని, రెండవ చేత వెండ్రుకను అడిగినది! కాచియుండు కాలము పనిలోనిదే యని 2023లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము తీర్పుచెప్పి, విశ్రాంతిని ముక్కలు చేయు నియమమును కొట్టివైచినది. పరీక్షను మాత్రము నిలిపినది. ఎనిమిదేండ్లు డ్రైవరు కోల్పోయిన నిద్రకు పరిహార మెవ రిత్తురు?

మన దేశముననూ 1961 నాటి చట్టము మోటారు కార్మికునకు దినమునకు ఎనిమిది, వారమునకు నలుబదియెనిమిది గంటలే పని యన్నది. రాత్రివేళ రహదారి ప్రక్కన నిలిచి చూచిన చదువరికి ఆ చట్టము సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. రేపు మనకును వెండ్రుక పరీక్ష కావలెనను కేక లేచినచో పఠనమందిరములలోని పెద్దలు మూడు ప్రశ్నలు అడుగుదురు గాక. ప్రభుత్వము తెలిసిన నమూనాలను గుట్టుగా పంపి ప్రయోగశాలలను పరీక్షించునా? వాని తప్పులను ప్రకటించునా? డ్రైవరును పరీక్షించుటకు ముందు అతనిని నిద్రింపనిచ్చునా? ఈ మూటికిని ఔనను జవాబు రానంతవఱకు ప్రయోగశాల గోడపై వ్రేలాడు యోగ్యతాపత్రము దుకాణపు పలకయే గాని ధర్మపీఠపు ముద్ర కాదు.