నిరుద్యోగి కాదట, గృహిణి అట!

పోయిన నెల మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి వెళ్లాను. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత ఆ మెట్లెక్కడం. అప్పుడు క్యూ రోడ్డు మీది దాకా ఉండేది. ఇప్పుడు లోపల ముగ్గురున్నారు. పేరు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే నమోదు చేసుకోవచ్చు గదా, ఎందుకొచ్చామంటే, సర్టిఫికెట్‌లో ఉన్న పేరుకీ నమోదులో పడ్డ పేరుకీ తేడా వచ్చింది. అది సరిచేయించడానికి.

గుమస్తాగారు మంచిగానే మాట్లాడారు. ఫోన్ నంబరు అడిగితే మా అమ్మాయి వాళ్ల నాన్న నంబరు చెప్పింది. నమోదు చేసినప్పుడు ఇచ్చింది అదేనట. "నీ సొంత నంబరు పెట్టించుకో" అన్నాన్నేను. ఆయన నవ్వి, "ఇప్పుడెందుకు లెండమ్మా, రేపు పెళ్లయితే ఎలాగూ అడ్రసు మారుతుంది. అప్పుడే అన్నీ కలిపి మార్చుకోవచ్చు" అన్నారు. ఆయన మాటలో తప్పుడు ఉద్దేశం లేదు. కానీ నాకు నవ్వు రాలేదు. నా కార్డు పోయింది సరిగ్గా అక్కడే!

1993లో డిగ్రీ పాసవగానే నాన్నతో కలిసి మొదటి బస్సుకి జిల్లా కేంద్రానికి వెళ్లి పేరు రాయించుకున్నా. మూడేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి. తప్పితే సీనియారిటీ పోతుంది. ఆ రోజుల్లో సీనియారిటీ అంటే మాటలా? ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలియజేయాలని 1959 నాటి చట్టం అప్పట్లో చెప్పేది. సర్కారు ఆఫీసులు చాలా పోస్టులకి అక్కడి నుంచి వచ్చిన పేర్లనే పిలిచేవి. కార్డు లేనిదే ఇంటర్వ్యూ గుమ్మం తొక్కే దారి లేదు.

1995లో పెళ్లయింది. ఓ కాల్ లెటరు పుట్టింటికి వచ్చింది. తమ్ముడు తెచ్చిచ్చేసరికి ఇంటర్వ్యూ జరిగి నాలుగు రోజులైంది. మరుసటేడు రెన్యూవల్ నాటికి నాకు ఏడో నెల. రెండు బస్సులు మారాలి. "కార్డెక్కడికి పోతుంది, కాన్పయ్యాక చూసుకుందువులే" అన్నారు అత్తయ్య. కాన్పయ్యాక పోతే, "గడువు దాటింది, మళ్లీ కొత్తగా రాయించుకోండి" అన్నారు. మూడేళ్ల వరస ఒక్క మాటతో సున్నా!

అదే ఇంట్లో మా మరిదికీ కార్డుంది. అతని రెన్యూవల్ తేదీ ఇంటిల్లిపాదికీ తెలుసు. క్యాలెండర్లో దాని చుట్టూ మామయ్య ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు. అతనికి ఉద్యోగం రాకపోతే "పాపం, నిరుద్యోగి" అన్నారు. నాకు రాకపోతే ఎవరూ ఏమీ అనలేదు. నేను గృహిణిని గదా! ఇల్లు ఒకటే, డిగ్రీ ఒకటే, పేర్లు మాత్రం రెండు.

అప్పటికి చట్టం మన వైపు లేకపోలేదు. నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో ఆడవాళ్లకి కనీసం 30 శాతం ఇవ్వాలని మన రాష్ట్రంలో 1984లోనే రూలు తెచ్చారు. అది చెల్లుతుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 1996 ఆగస్టులో, మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ ఉద్యోగాల కేసులో, ఎక్స్ఛేంజీ పంపిన పేర్లతోనే సరిపెట్టకుండా పత్రికల్లో కూడా ప్రకటన ఇచ్చి, దరఖాస్తు పెట్టిన వాళ్లనీ చూడాలంది. తలుపులు తెరుచుకున్నాయి, నిజమే. కానీ ఆ తలుపు దాకా వెళ్లనిచ్చే ఇల్లుండాలి గదా!

సర్కారు లెక్కల్లోనూ ఇదే తంతు. పని లేక, పని వెతుకుతూనో పనికి సిద్ధంగానో ఉన్న మనిషే నిరుద్యోగి. "ఇంటిపని" అని రాస్తే కార్మిక శక్తిలోనే లేనట్టు. సర్వేకొచ్చిన వాళ్లకి గుమ్మంలో నిలబడి జవాబు చెప్పేదెవరు? "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ" అంటారు మగవాళ్లు. పని దొరికితే రేపే బయల్దేరే ఆడది ఆ ఒక్క మాటతో లెక్కలోంచి జారిపోతుంది. లెక్కలో లేని మనిషికి ఉద్యోగం చూపించాల్సిన అవసరం ఎవరికుంటుంది?

"ఇప్పుడు ఎక్స్ఛేంజీ వల్ల ఉద్యోగాలొస్తున్నాయా?" అని మీరడగొచ్చు. నిజమే, ఇప్పుడు చాలా పోస్టులకి నోటిఫికేషన్లు, పరీక్షలే దారి. 2015లో కేంద్రం నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ తెచ్చింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో ఈ ఆఫీసుల పేరు కెరీర్ సెంటర్ అయింది. బోర్డు ఏదైతేనేం, సంగతి పాతదే. అప్పుడు ఉత్తరం నాన్న ఇంటికి పోయేది, ఇప్పుడు ఓటీపీ నాన్న ఫోనుకి పోతోంది. రేపు మొగుడి ఫోనుకి పోతుంది.

అందుకే పెద్దలకి నాదొక మనవి. పెళ్లి, కాన్పు, ఊరు మారడం ఆడపిల్ల చేసే తప్పులు కావు. వాటివల్ల గడువు దాటితే ఆమె వరస పోకుండా రూలు ఉండాలి. ఇక మన చేతుల్లో ఉన్నదీ కొంత ఉంది. ఏ దరఖాస్తులోనైనా మీ సొంత నంబరే ఇవ్వండి. ఆఖరు తేదీ మీ వంటింటి క్యాలెండర్లోనే రాసుకోండి. సర్వేకొచ్చిన మనిషికి గుమ్మంలోకొచ్చి మీరే జవాబు చెప్పండి: "పని కావాలండీ, దొరకలేదు" అని.

మా అమ్మాయి నంబరు ఆ రోజే మార్పించాం. గుమస్తాగారికి ఐదు నిమిషాల పని. మీ ఇంట్లో ఆడపిల్ల దరఖాస్తులు ఎవరి నంబరు మీద ఉన్నాయో ఈ వారమే ఓసారి చూడండి.