కణంలోని స్విచ్చి – రైతు జేబులోని రూపాయి

భాస్వరం అంటే మా ఇంట్లో అందరికీ తెలుసు. డి.ఏ.పి. బస్తా ధర పెరిగితే ముందు ఉలిక్కిపడేది మా కర్నూలు, కడప జిల్లాల శనగ రైతే. అదే భాస్వరం మన ఒంట్లోని ప్రతి కణాన్నీ నడిపిస్తున్నదని నాకు తెలిసింది మాత్రం బి.ఎస్సీ.లో చేరినాకే.

ప్రోటీన్ కైనేజు ఒక ఎంజైము. ఏ.టి.పి. నుంచి ఒక ఫాస్ఫేటును తీసి ఇంకో ప్రోటీనుకు తగిలిస్తుంది. 'పెరుగు', 'ఇక చాలు' అనే కబుర్లు కణంలో చాలావరకు ఇట్లాగే అందుతాయి. ఆ ఏ.టి.పి.ని 1929లో ఫిస్కేతో కలిసి వెల్లడించినవారు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే.

బోరు మోటారు స్టార్టరు ఇరుక్కుపోయి ఎంతకీ ఆగకపోతే? క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సరులో జరిగేది అదే. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై, ఆగడమెరుగని కైనేజు ఒకటి పుడుతుంది. తెల్లకణాలు పెరుగుతూనే పోతాయి. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్, ఆ కైనేజులో ఏ.టి.పి. కూర్చోవలసిన చోట తాను కూర్చుని దాన్ని ఆపుతుంది.

ఇంతవరకు పాఠం. పరీక్షల్లో అడగనిది ఇకమీద ఉంది. ఆ మందు ఖరీదు ఒకప్పుడు నెలకు దాదాపు 1,20,000 రూపాయలుగా ఉండేది! హైదరాబాదులోని నాట్కో వంటి మన కంపెనీలు అదే మందును సుమారు పదోవంతుకే అందించాయి. నోవార్టిస్ కంపెనీ పేటెంటు కోరికను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అంతకు ముందే, 2012 మార్చిలో, మరో కైనేజు మందైన సొరాఫెనిబ్‌కు నాట్కో తప్పనిసరి లైసెన్సు పొందింది. బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000కు అమ్ముతున్న మందు 8,880కు దిగింది.

కనిపెట్టినవానికి ప్రతిఫలం వద్దా అని కొందరు మిత్రులు వాదిస్తారు. తప్పక ఇవ్వాల్సిందే. ఆ లైసెన్సు ఉత్తర్వులోనే బేయరుకు అమ్మకాలపై 6 శాతం రాయల్టీ ఇమ్మన్నారు. ప్రతిఫలం వేరు, ప్రాణానికి వెల కట్టడం వేరు.

అయినా నెలకు 8,880 అంటే వాననే నమ్ముకున్న మెట్ట రైతుకు తక్కువేమీ కాదు. కాబట్టి నా మనవి ఒక్కటే. కైనేజు పాఠం చెప్పేటప్పుడు మన అధ్యాపకులు పేటెంటు చట్టం గురించి, మందు ధర గురించి కూడా ఒక గంట చెప్పాలి. మనలో కొందరు రేపు మందుల కంపెనీల్లో, ప్రయోగశాలల్లో చేరతాం. స్విచ్చి ఎట్లా ఆపాలో తెలిసిన మనకు, ఆ మందు ఊరిదాకా ఎందుకు చేరడం లేదో తెలియకపోతే ఆ చదువు సగం చదువే.