కుండ ఒక చేత, మహజరు ఒక చేత

2024 ఏప్రిల్ 30వ తేదీన ఖరగ్‌పూర్ పొరుగునే ఉన్న కలైకుండలో 47.2 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైనది. ఆ అంకెను పత్రికలో చదివి మరచిపోవడం నీడపట్టున కూర్చున్నవారికి సాధ్యము. కాలిన పట్టాల ప్రక్కన సమ్మెట ఎత్తే గ్యాంగ్‌మన్‌కు, ఉత్తరాల సంచితో సైకిల్ తొక్కే పోస్టుమన్‌కు, నెత్తిన బరువుతో ప్లాట్‌ఫారం దాటే పోర్టరుకు అది సాధ్యము కాదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని ఈ ఊరికి వచ్చిన మన పెద్దలు చోడి అంబలి రుచిని, బాటసారికి దాహమిచ్చే ఆచారాన్ని వెంట తెచ్చుకున్నారు. బెంగాలీ సోదరులు జలసత్రమన్నా, మనము చలివేంద్రమన్నా దాహము ఒక్కటే. వేసవిలో చందా వేసుకొని కుండలు నింపి, మజ్జిగ చిలికి, అంబలి కాచి నలుగురికీ పోస్తున్న కుటుంబాలను మేము మనసారా అభినందిస్తున్నాము.

అయితే ఈ విషయమై సభ్యులలో రెండు వాదనలు వినవస్తున్నవి. నీరు సమకూర్చవలసినది యాజమాన్యము. మనము కుండలు పెడితే వారి బాధ్యతను మనమే తప్పించినట్లగును అన్నది మొదటిది. పుణ్యకార్యములోనికి యూనియన్ మాటలు తేవడమెందుకు అన్నది రెండవది.

మొదటి వాదనలో న్యాయమున్నది. 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో వేసవిని చల్లని తాగునీరు ఏర్పాటు చేయవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 18వ సెక్షన్‌లోనే శాసించినది. కాంట్రాక్టు కార్మికులకు తాగునీటి ఏర్పాటును 1970 నాటి చట్టము నిర్దేశించినది. 2025 నవంబరు 21న ఆ చట్టాల స్థానములో కొత్త కోడ్ అమలులోనికి వచ్చినను, తాగునీటి బాధ్యత యజమానిదే. కనుక పనిచోట నీరు ఎవరి దయా కాదు, అది హక్కు. కాని రేపు సాధించబోయే హక్కు నేటి దాహమును తీర్చదు. మహజరు మీద సంతకము పడేలోగా మనిషి పడిపోవచ్చును.

రెండవ వాదనకు మన చరిత్రయే సమాధానము. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన రైల్వే సమ్మె నడివేసవిలో సాగినది. దేశమంతటా వేలాదిమంది అరెస్టయినారు. కుటుంబాలను క్వార్టర్ల నుండి వెళ్లగొట్టినారు. పొయ్యి వెలగని ఇంటికి పొరుగింటి నుండి గిన్నె వెళ్లినదని పెద్దలు చెప్పగా విన్నాము. ఆ గిన్నెను ఎవరూ దానమనలేదు. నేడు అటువంటి గిన్నె అవసరమైనవారు మన ప్రక్కనే ఉన్నారు. ఒకే పట్టా మీద, ఒకే ఎండలో మనతోపాటు పనిచేస్తూ, మన జీతమూ సెలవూ లేని కాంట్రాక్టు కార్మికుడు. పల్లెల దారిలో ఉత్తరము చేర్చే గ్రామీణ డాక్ సేవకుడు. యూనియన్ కార్డు ఉన్నదా అని దాహమును అడుగము.

కావున ప్రతి శాఖకు మా విజ్ఞప్తి ఇది. చలివేంద్రమును నలుగురి కంటబడే కూడలిలోనే కాక, కాంట్రాక్టు పనివారు గుమిగూడే చోట, పార్సిలు ఆఫీసు వద్ద, తపాలా సార్టింగ్ ఆఫీసు వద్ద కూడ పెట్టండి. కుండకు మూత, పొడుగుకాడ గరిటె ఉండవలెను. వడలినవారి కోసము లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమతల టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి సిద్ధముగా ఉంచండి. స్పృహ తప్పినవారి నోట మాత్రము నీరు పోయరాదు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, వెంటనే ఆసుపత్రికి తరలించవలెను. వసూలైన చందా, అయిన ఖర్చు వారము వారము బోర్డు మీద వ్రాయండి. పుచ్చుకున్నవారిని నిలబెట్టి ఫొటోలు తీయవద్దు. ఇంటి పనితో అలసిన సోదరీమణుల మీదనే ఈ భారమంతయు వేయక, డ్యూటీ దిగిన మగవారు కూడ బిందె ఎత్తవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, ప్రతి చలివేంద్రము వద్ద ఒక నోటుపుస్తకము. ఏ కుళాయి ఎండినది, ఏ కూలరు చెడినది, ఎక్కడ ఎవరు సొమ్మసిల్లినారు అన్నవి తేదీలతో అందులో వ్రాయండి. శాఖా కార్యదర్శి దానిని వారమునకొకసారి అధికారి ముందుంచి, జవాబు వ్రాతపూర్వకముగా కోరవలెను. అప్పుడు మన కుండ యాజమాన్యపు లోపమును కప్పిపుచ్చదు; దానికి సాక్ష్యము పలుకుతుంది.

మన చలివేంద్రాల అవసరమే లేని వేసవి రావలెనని మా కోరిక. అది వచ్చేవరకు కుండ నిండుగా ఉండవలెను. నోటుపుస్తకము తెరచియే ఉండవలెను.