బార్సిలోనాలో అనంతపురం

మా ఇర్వింగ్‌కి చుట్టాలొస్తే మొదట చూపించేది లాస్ కొలినాస్‌లో నీళ్ళ మీద పరుగెడుతున్నట్టుండే తొమ్మిది కంచు గుర్రాలు. ఫొటోలు అయ్యాక, ఈ ముస్తాంగుల ముత్తాతల్ని ఓడల్లో తెచ్చింది స్పెయిన్ వాళ్ళేనని నేను ఉపన్యాసం అందుకుంటాను. "మొదలెట్టారా!" అంటూ మా ఆవిడ కారు వైపు నడుస్తుంది. అలాంటిది, కిందటి వేసవిలో నిజంగా స్పెయిన్‌లోనే కాలు పెట్టే అవకాశం వచ్చింది. మూడు కుటుంబాలం కలిసి మధ్యధరా సముద్రంలో ఓడ ప్రయాణం పెట్టుకున్నాం. ఓడ బయల్దేరేది బార్సిలోనా నుంచి. ఎక్కేముందు మా చేతిలో ఉన్నది ఒక్కటే రోజు. ఒక్క రోజులో బార్సిలోనా చూడటమంటే పెళ్ళికెళ్ళి భోజనం చెయ్యకుండా కాఫీ తాగి వచ్చినట్టే. అయినా బయల్దేరాం.

పొద్దున్నే రాంబ్లా అనే వీధి, అక్కడి బొకేరియా మార్కెట్టు. ఎండుమిరపకాయల దండలు చూడగానే మా గుంటూరు మిత్రుడు కిలో ఎంతని బేరం మొదలుపెట్టాడు. మిరపకాయ అమెరికా ఖండానిదనీ, కొలంబస్ ప్రయాణాల తర్వాతే మిగతా ప్రపంచానికి తెలిసిందనీ చెప్పాను. వీధి చివర 1888లో నిలబెట్టిన ఎత్తైన స్తంభం మీద కొలంబస్ విగ్రహం కనిపించగానే, "మహానుభావా, మా ఊరి మిర్చి యార్డు నీ చలవే" అని మిత్రుడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

మధ్యాహ్నం సగ్రాదా ఫమీలియా చర్చి. 1882లో పని మొదలుపెడితే మన తరం దాకా కడుతూనే ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు ఆలస్యమవుతాయని మమ్మల్ని తిట్టేవాళ్ళు ఒకసారి చూసి రావాలి. లోపల స్తంభాలు కొమ్మలేసిన చెట్లలా ఉంటాయి. రంగు అద్దాల్లోంచి ఎండ ఒకవైపు నీలంగా, ఇంకోవైపు ఎర్రగా పడుతుంది. పిల్లలకి బాగా నచ్చింది మాత్రం బయట గోడ మీది అంకెల చతురస్రం:

1, 14, 14, 4
11, 7, 6, 9
8, 10, 10, 5
13, 2, 3, 15

పిల్లలూ, అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకి కూడి చూడండి. ఎటు కూడినా 33 వస్తుంది. ఏసుక్రీస్తు శిలువ ఎక్కినప్పటి వయసు అదేనంటారు.

ఈ చర్చికి రూపమిచ్చిన గౌడీని 1926లో ట్రాము గుద్దింది. మాసిన బట్టలు చూసి ఎవరో బిచ్చగాడనుకున్నారట. ఊరంతా ఎరిగిన మనిషిని ఊరే గుర్తుపట్టలేదు. ఆయన సమాధి ఈ చర్చిలోనే ఉంది.

కాళ్ళు పీకుతుంటే ఎదురుగా ఉన్న పార్కులో కూలబడ్డాం. పక్క బెంచీ మీద ఒక పెద్దావిడ మా ఆడవాళ్ళని చూసి నవ్వి, "ఇండియా?" అంది. మా అనంతపురం మిత్రుడి అమ్మాయి బడిలో మూడేళ్ళుగా స్పానిష్ చదువుతోంది. తెలుగు కంటే అదే బాగా వచ్చు. దుబాసీ పని తనే అందుకుంది. ఇండియాలో ఎక్కడ అని ఆవిడ అడిగితే, మిత్రుడు అలవాటు ప్రకారం "బెంగుళూరు దగ్గర" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అందరికీ అదే చెబుతాడు. "దగ్గరంటే ఎక్కడ?" అని ఆవిడ వదల్లేదు.

"అనంతపురం."

ఆవిడ లేచి నిలబడింది. "అనంతపూర్!" అంటూ మిత్రుడి చెయ్యి పట్టుకుంది. సంచీలోంచి ఒక ఫొటో తీసింది. రెండు జడలు, రిబ్బన్లు, స్కూలు యూనిఫారం వేసుకున్న పిల్ల. ఆ పిల్ల చదువు కోసం నెలనెలా డబ్బు పంపిందట. ఆ పిల్ల ఇప్పుడు నర్సు. ఆవిడ మాత్రం అనంతపురం ఎన్నడూ చూడలేదు. ఇదంతా అమ్మాయి ఒక్కో మాటే ఇంగ్లీషులోకి మార్చి వాళ్ళ నాన్నకి చెబుతోంది. చివర్లో, "నాన్నా, ఈవిడకి మన ఊరు ఎలా తెలుసు?" అని తెలుగులో అడిగింది.

తెలియడానికి కారణం విన్సెంట్ ఫెర్రర్. 1920లో ఈ బార్సిలోనాలోనే పుట్టి, క్రైస్తవ మిషనరీగా 1952లో మన దేశం వచ్చాడు. 1969లో, వాన ముఖం చాటేసే అనంతపురం జిల్లాకి చేరాడు. ఆయన, భార్య ఆన్ ఫెర్రర్ కలిసి నడిపిన ఆర్డీటీ సంస్థ బడులు, ఇళ్ళు, ఆసుపత్రులు కట్టింది. అందుకు డబ్బు పంపినవాళ్ళలో ఎక్కువమంది స్పెయిన్‌లోని ఇలాంటి మామూలు మనుషులే. టెన్నిస్ ఆటగాడు నాదల్ పేరున 2010లో అనంతపురంలో టెన్నిస్ బడి కూడా మొదలైంది. ఫెర్రర్ 2009లో అక్కడే కన్నుమూశాడు. సమాధి బత్తలపల్లిలో ఉంది.

పెద్దావిడ వెళ్ళాక మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "మా ఊరి బయట దళితవాడలో ఇండ్లు వాళ్ళు కట్టిచ్చినవేప్పా. ఆ వాడ పిల్లోళ్ళు నాతోనే చదివినారు. నేను ఒక్క తూరి కూడా ఆ పక్కకి పోయి చూడ్లేదు."

నేనేం చెప్పగలను? నా ఊళ్ళోనూ నేను తొక్కని వీధులున్నాయి. మనమూ చందాలిస్తాం, కాదనను. కానీ ఎన్నడూ చూడని ఊరి పిల్ల ఫొటోని ఆవిడ సంచీలో పెట్టుకు తిరుగుతోంది. పుట్టిన ఊరి పేరు చెప్పడానికే మనకి మొహమాటం.

ఓడలో మొదటి రాత్రి ఆ అమ్మాయి వాళ్ళ నాన్నని అడిగింది: "ఈసారి నానమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ ఇళ్ళు చూపిస్తావా?" ఎండకి భయపడి అనంతపురంలో రెండు రోజులకి మించి ఉండనని ఏటా పేచీ పెట్టే పిల్ల. "చూపిస్తా తల్లీ. నేనూ చూడాల" అన్నాడు.

ఈసారి మిమ్మల్నెవరైనా మీదే ఊరని అడిగితే, పక్కనున్న పెద్ద ఊరి పేరు చెప్పకండి. మీ ఊరి పేరే చెప్పండి. ఏమో, వాళ్ళకి మనకంటే బాగా తెలుసేమో!